సొంత సెస్నా: కొనడం, చూసుకోవడం, ఇన్సూరెన్స్ – తరచుగా అడిగే ప్రశ్నలు

డాలస్‌కి ఉత్తరాన ఉండే ముగ్గురు స్నేహితులం కలిసి 2021లో ఒక సెస్నా 172, అంటే నాలుగు సీట్ల చిన్న విమానం, కొన్నాం. 1975 మోడల్, 172ఎమ్, 150 హార్స్‌పవర్ లైకమింగ్ కంపెనీ ఇంజిను. అప్పటినుంచి ఏ పుట్టినరోజు పార్టీకి వెళ్లినా బిర్యానీ ప్లేటు చేతికొచ్చేలోపే ఇవే ప్రశ్నలు. ప్రతిసారీ మొదటినుంచి చెప్పే బదులు ఒకచోట రాసి పెట్టాను. ఇవన్నీ అమెరికా రూల్సు, టెక్సస్ అనుభవం. వేరే దేశంలో ఉన్నవాళ్లకు ఇందులో సగమే వర్తిస్తుంది.

అసలు ఎంతవుతుంది?

అందరూ అడిగేది కొన్న ధర. మాది 68 వేల డాలర్లు. కొత్త 172 అయితే నాలుగు లక్షలు దాటిపోతుంది కాబట్టి మాలాంటివాళ్లు చూసేవి పాతవే. కానీ ధర ఒక్కసారి కట్టేసి మర్చిపోయే డబ్బు. నిద్రలో గుర్తొచ్చేది ఏటేటా కట్టేది.

మా లెక్క దాచుకోకుండా చెప్తాను. ఎగిరినా ఎగరకపోయినా పోయే డబ్బు: హ్యాంగర్ (విమానం పెట్టుకునే షెడ్డు) అద్దె ఏడాదికి 4,200, ఇన్సూరెన్స్ 1,800, యాన్యువల్ ఇన్‌స్పెక్షన్ ఏమీ తేడా రాకపోతే 2,500, చిల్లర మల్లర 500. మొత్తం 9,000 డాలర్లు. ఎగిరితే పోయే డబ్బు: గంటకు 8 గ్యాలన్ల పెట్రోలు, గ్యాలన్ 6 డాలర్ల చొప్పున 48. ఆయిలూ టైర్లూ కలిపి ఒక 5. ఇంజిన్ ఓవర్‌హాల్ (మొత్తం విప్పి బాగుచేయడం) కోసం పక్కన పెట్టేది 17.50. అంటే గంటకు సుమారు 70.

ఇప్పుడు భాగారం చూడండి. ఒక్కరే కొని ఏడాదికి 100 గంటలు ఎగిరితే గంట 160 పడుతుంది. 30 గంటలే ఎగిరితే 370 పడుతుంది. ఇక్కడ ఫ్లయింగ్ స్కూల్లో 172 అద్దెకు తీసుకుంటే 30 గంటలవాళ్లకు అంతకంటే చాలా తక్కువలో అయిపోతుంది, హ్యాంగర్ తాళం పోయిందన్న టెన్షన్ కూడా ఉండదు. మేం ముగ్గురం కలిపి 130 గంటల దాకా ఎగురుతున్నాం కాబట్టి గంట 140 దగ్గర ఆగుతోంది.

ఇదంతా ఏమీ పాడవ్వని ఏడాది సంగతి. ఇక్కడి ఓనర్ల మధ్య ఒక జోకుంది: వెయ్యి డాలర్లను "ఒక ఏఎమ్‌యూ" అంటారు, ఏవియేషన్ మానిటరీ యూనిట్ అని. రిపేరు ఎంతైందంటే "రెండున్నర" అని చెప్పి ఊరుకుంటారు. ఇంట్లో విన్నవాళ్లకు అర్థం కాకూడదని కాబోలు.

"అన్నా, నేను హెచ్1బీలో ఉన్నాను. నా పేరు మీద కొనొచ్చా?"

కొనొచ్చు గానీ అమెరికా రిజిస్ట్రేషన్, అంటే ఎన్-నంబర్, మీ పేరు మీద రాదు. మనవాళ్లలో చాలామందికి ఇది డబ్బులు పోగేసుకున్నాక తెలుస్తుంది. చట్టం ప్రకారం మనిషి పేరు మీద విమానం రిజిస్టర్ కావాలంటే అతను అమెరికా పౌరుడైనా కావాలి, గ్రీన్‌కార్డ్ ఉన్నవాడైనా కావాలి. మన క్యూల సంగతి తెలిసిందేగా.

ఇంకో మెలిక: ఎల్ఎల్‌సీ పెట్టి దాని పేరు మీద తీసుకుందాం అనుకుంటారు. గ్రీన్‌కార్డ్ ఉన్న మనిషికి విడిగా వచ్చే అర్హత, అతను పెట్టిన కంపెనీకి దానంతట అది రాదు. కంపెనీ పౌర కంపెనీ అనిపించుకోవడానికి ఓటింగ్‌లో 75 శాతం అమెరికా పౌరుల చేతిలో ఉండాలి, ప్రెసిడెంటూ డైరెక్టర్లలో మూడింట రెండొంతుల మందీ పౌరులై ఉండాలి. ట్రస్టు ద్వారా రిజిస్టర్ చేసుకునే దారి ఉంది, కానీ అది ఏవియేషన్ లాయర్‌తో కూర్చుని చేసుకునే పని. చిన్న విమానానికి ఆ ఫీజులు భారమే. కొన్నప్పుడు మా ముగ్గురిలో ఒకడికి సిటిజన్‌షిప్, ఇద్దరికి గ్రీన్‌కార్డ్. అందుకే ఎల్ఎల్‌సీ జోలికి పోకుండా ముగ్గురి పేర్లూ విడివిడిగా, సహ యజమానులుగా రాయించుకున్నాం.

ఎగరడం నేర్చుకోవడానికి మాత్రం హెచ్1బీ అడ్డు కాదు. పౌరులు కానివాళ్లు, గ్రీన్‌కార్డ్ వాళ్లతో సహా, ట్రైనింగ్ మొదలుపెట్టే ముందు విమాన భద్రత చూసే టీఎస్ఏ దగ్గర వేలిముద్రలిచ్చి క్లియరెన్స్ తెచ్చుకోవాలి. లైసెన్స్ వచ్చాక ఫ్లయింగ్ క్లబ్బులో చేరండి. గ్రీన్‌కార్డ్ వచ్చేలోపు నాలుగు రకాల విమానాలు నడిపి, మీకేది నచ్చుతుందో తేల్చుకోవచ్చు.

యాభై ఏళ్ల విమానమా? భయం లేదా?

మా అమ్మ వీడియో కాల్‌లో అడిగిన మొదటి మాట ఇదే. "నీకంటే పెద్దది కదరా" అంది.

172 మొదటిసారి ఎగిరింది 1955లో. ఇప్పటిదాకా 44 వేలకు పైగా తయారయ్యాయి, ఏ మోడల్ విమానమూ ఇన్ని తయారు కాలేదు. పాతవే ఎక్కువ కనపడటానికి ఒక కారణముంది. ఎప్పుడో అమ్మిన విమానాల మీద కూడా కేసులు పడుతుండటంతో 1986లో సెస్నా చిన్న ఇంజిన్ల విమానాల తయారీ ఆపేసింది. 18 ఏళ్లు దాటిన చిన్న విమానాల విషయంలో తయారీదారు మీద కేసు వేయడానికి హద్దు పెడుతూ 1994లో చట్టం వచ్చాకే, 1996లో కాన్సస్‌లోని ఇండిపెండెన్స్‌లో మళ్లీ మొదలైంది. మధ్య పదేళ్లు ఖాళీ.

కారు వయసును ఏళ్లలో కొలుస్తాం. విమానంలో ఒక్కో భాగానికి ఒక్కో వయసు. మాదాంట్లో బాడీ 1975ది, ఇంజిను 2009లో ఓవర్‌హాల్ అయింది, రేడియోలు 2019వి, ఎడమ బ్రేకు పోయిన నెలది. అసలు శత్రువు తుప్పు. అందుకే సముద్రం పక్కన బతికిన విమానం కంటే ఎండిన ఊళ్లో బతికినదానికి గిరాకీ.

కొనేముందు ఏం చూడాలి?

కాగితాలు. రంగు, సీట్లు, రేడియో అన్నీ తర్వాత.

మొదట మేం దాదాపు కొనేసిన విమానం ఇది కాదు. ప్రకటనలో "ఎప్పుడూ దెబ్బ తగల్లేదు" అని రాశారు. అమ్మేవాడు మర్యాదస్తుడు, కాఫీ ఇచ్చాడు, పొద్దున ఎండలో తెల్లగా మెరిసిపోతోంది. మేం అడ్వాన్స్ ఇద్దామనుకుంటుంటే మా మెకానిక్ పెద్దాయన ఓక్లహోమా సిటీ నుంచి ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) రికార్డులు తెప్పించాడు. పెద్ద రిపేరు జరిగితే ఫారం 337 ఒకటి అక్కడికి చేరుతుంది. అందులో 1988లో కుడి రెక్క మార్చిన కథంతా ఉంది. రెక్క మార్చడం తప్పేమీ కాదు, సరిగా మార్చి ఉంటే అది మంచి రెక్కే. కానీ అమ్మేవాడి లాగ్‌బుక్కుల్లో (విమానానికి చేసిన పనులు రాసిపెట్టే పుస్తకాలు) సరిగ్గా ఆ మూడేళ్ల పుస్తకం లేదు. "ఇల్లు మారినప్పుడు పోయింది" అన్నాడు. మేం కాఫీ తాగేసి వచ్చేశాం.

విమానానికి, ఇంజినుకు, ప్రొపెల్లర్‌కు విడివిడిగా లాగ్‌బుక్కులుంటాయి. పుట్టినప్పటినుంచి ఒక్క పుస్తకం తక్కువైనా ధర తగ్గుతుంది. వాటిని కూర్చుని చదవండి. ఎవరి చేతిరాతో, ఎక్కడెక్కడి ఎయిర్‌పోర్టులో, మధ్యలో ఎన్నేళ్లు ఒక్క గంటా ఎగరకుండా పడుందో అన్నీ తెలుస్తాయి. మా విమానం 1990ల్లో నాలుగేళ్లు నిద్రపోయిందని అలాగే పట్టుకున్నాం, దాంతో ఇంజిన్ లోపల కెమెరా పెట్టి చూడమని పట్టుబట్టాం.

కొనేముందు ఇన్‌స్పెక్షన్‌కు మీరు ఎంచుకున్న మెకానిక్‌నే పెట్టుకోండి. ఇన్నేళ్లూ ఆ విమానాన్ని చూసినవాణ్ణి పెట్టుకుంటే తన పనిలో తప్పు తనే వెతకాలి, పాపం. దానితోపాటు టైటిల్ సెర్చ్ చేయించండి. విమానాల అప్పులన్నీ ఓక్లహోమా సిటీలోనే నమోదవుతాయి, ఎప్పటిదో బ్యాంకు లోను ఇంకా తొలగకుండా కనిపించడం మామూలే. రిజిస్ట్రేషన్ ఫీజు అడిగితే నవ్వొస్తుంది: 5 డాలర్లు. ఏడేళ్లు చెల్లుతుంది. టెక్సస్ సేల్స్ టాక్స్ మాత్రం నవ్వించదు, రాష్ట్రానిదే 6.25 శాతం.

నాలుగు సీట్లున్నాయిగా, నలుగురం హ్యూస్టన్ మీనాక్షి గుడికి వెళ్లొచ్చా?

హ్యూస్టన్ పక్కన పేర్‌ల్యాండ్‌లో ఉన్న ఆ గుడికి దగ్గర్లో ఎయిర్‌పోర్ట్ ఉంది, రెండు గంటల పైచిలుకు ప్రయాణం. మేం వెళ్లాం కూడా. నలుగురం కాదు.

మా విమానం ఎత్తగలిగే మొత్తం బరువు 2,300 పౌండ్లు. ఖాళీ విమానమే 1,432. మిగిలింది 868. ట్యాంకుల్లో వాడుకోదగ్గ పెట్రోలు 38 గ్యాలన్లు, గ్యాలన్ ఆరు పౌండ్లు, అంటే 228. ఇక మనుషులకు, సామాన్లకు కలిపి 640. తలకు 180 పౌండ్లున్న మగాళ్లు నలుగురంటే 720. అయిపోయింది కథ. పెట్రోలు తగ్గించుకుంటే నలుగురు కూర్చోవచ్చు, కానీ టెక్సస్ ఆగస్టు ఎండలో గాలి పలచబడి ఇంజినూ రెక్కలూ రెండూ నీరసపడతాయి. పైగా ప్రసాదం పులిహోర డబ్బాలు వెనక సామాన్ల అరలో పెడితే బరువు ఎంతన్నదే కాదు, ఎక్కడుందన్నదీ లెక్కేయాలి. ఇది మొహమాటపడే విషయం కాదు. నేను బంధువుల్ని బరువు అడుగుతాను, వాళ్లు చెప్పినదానికి పది కలుపుకుంటాను.

యాన్యువల్ అంటే కారు సర్వీసింగ్ లాంటిదేనా?

కారు సర్వీసింగ్ ఎగ్గొడితే ఇంజిను అరుస్తుంది. యాన్యువల్ దాటితే ఆ విమానం ఎగరడమే చట్టవిరుద్ధం. ప్రతి 12 క్యాలెండర్ నెలలకు ఒకసారి, మెకానిక్ లైసెన్సుతోపాటు ఇన్‌స్పెక్షన్ ఆథరైజేషన్ ఉన్నవాడు, మనం ఐఏ అంటాం, మొత్తం చూసి లాగ్‌బుక్కులో సంతకం పెట్టాలి. మార్చి 3న చేయిస్తే వచ్చే మార్చి 31 దాకా చెల్లుతుంది. అది గుర్తుంచుకుని నెల మొదట్లో చేయించండి, ఊరికే నాలుగు వారాలు కలిసొస్తాయి.

మేం ఆ వారం సెలవు పెట్టి మెకానిక్ చేతికింద సాయంగా పనిచేస్తాం. స్క్రూలు విప్పడం మా పని. రెక్కల కింద, తోకలో, నేల కింద గుండ్రటి మూతలన్నీ విప్పి, ఏ స్క్రూ ఎక్కడిదో కలవకుండా మఫిన్ ట్రేలో పెట్టుకుంటాం. మొదటి ఏడాది నేల మూతలు తెరిస్తే ఒక బాల్‌పెన్ను, 1981 నాటి పావలా డాలరు, నాలుగు ఏలకులు దొరికాయి. పెన్నూ పావలా ఎవరివో తెలీదు. ఏలకులు మావే. మెకానిక్ పెద్దాయన ఒకటి వాసన చూసి, "బాగుంది, కానీ కంట్రోల్ కేబుళ్ల దగ్గర వద్దు" అన్నాడు. ఆ ఏలకుల పక్కనుంచే తోకకు వెళ్లే తీగలు పోతాయి.

తర్వాత సిలిండర్ల కంప్రెషన్. ఒకవైపు 80 పౌండ్ల ఒత్తిడితో గాలి పెట్టి, లోపల ఎంత నిలబడిందో చూస్తారు. 74, 72, 76, 75 అని వరసగా చెప్తుంటే పరీక్ష మార్కులు వింటున్నట్టుంటుంది. 60 కంటే తగ్గితే లైకమింగ్ సిలిండర్ విప్పి చూడమంటుంది.

ఎఫ్ఏఏ ఇచ్చే ఎయిర్‌వర్దీనెస్ డైరెక్టివ్‌లు, అంటే ఏడీలు, తప్పనిసరి. వాటిలో సెస్నాల సీటు పట్టాలది నాకు బాగా గుర్తు. సీటు ముందుకూ వెనక్కూ జరిగే పట్టాకు చిల్లులుంటాయి, పిన్ను ఆ చిల్లులో దిగి సీటును పట్టుకుంటుంది. ఏళ్ల తరబడి వాడగా చిల్లు కోడిగుడ్డులా సాగుతుంది. టేకాఫ్‌లో ముక్కు పైకి లేవగానే పిన్ను జారితే సీటు వెనక్కి పోతుంది, చేతిలో ఉన్న యోకును (విమానాన్ని నడిపే స్టీరింగు లాంటిది) పట్టుకుని వేలాడతారు, ముక్కు ఇంకా పైకి లేస్తుంది. అలా ప్రాణాలు పోయాకే ఆ ఏడీ వచ్చింది. 100 గంటలకో, ఏడాదికో ఒకసారి ఆ పట్టాలు చూడాల్సిందే. తయారీదారు పంపే సర్వీస్ బులెటిన్లు మాత్రం సొంతానికి ఎగిరే ఓనర్‌కు సలహాలే. కొన్నిటిని మేం పాటిస్తాం, కొన్నిటిని చదివి పక్కన పెడతాం.

యాన్యువల్‌తో సంబంధం లేకుండా ట్రాన్స్‌పాండర్‌ను (రాడార్‌కు మన విమానాన్ని గుర్తుపట్టించే పరికరం) 24 నెలలకోసారి పరీక్ష చేయించాలి. మబ్బుల్లో ఎగిరేవాళ్లకు ఎత్తు చూపే ఆల్టిమీటరూ అంతే.

ఒక్కటి మాత్రం తలకెక్కించుకోవాలి. సంతకం మెకానిక్‌దే అయినా, విమానం ఎగరదగ్గ స్థితిలో ఉంచే మొదటి బాధ్యత ఓనర్‌దని ఎఫ్ఏఏ రూల్ 91.403 సూటిగా చెప్తుంది. "మెకానిక్ చెప్పలేదండీ" అంటే ఎవరూ వినరు.

నేనే చేసుకోదగ్గ పనులేమైనా ఉన్నాయా?

ప్రైవేట్ పైలట్ లైసెన్స్ ఉంటే, సొంత విమానానికి ముప్పైకి పైగా పనులు సొంతంగా చేసుకోవచ్చు: ఆయిల్ మార్చడం, టైర్లు, బ్యాటరీ, స్పార్క్ ప్లగ్గులు శుభ్రం చేయడం, ల్యాండింగ్ లైటు బల్బు, ఇలాంటివి. జాబితా ఎఫ్ఏఏ రూల్సులో పార్ట్ 43 అనుబంధం ఏలో ఉంటుంది. చేసినప్పుడల్లా ఏం చేశారో, తేదీ, సంతకం, లైసెన్స్ నంబరు లాగ్‌బుక్కులో రాయాలి.

ఆయిల్ నా పని. ఫిల్టర్ ఉన్న ఇంజినుకు 50 గంటలకు లేదా నాలుగు నెలలకు, ఏది ముందైతే అది. పాత ఆయిల్ ఫిల్టర్‌ను పారేయను. డబ్బా ఓపెనర్ లాంటి కట్టర్‌తో కోసి, లోపలి కాగితం మడతలు విప్పి, ఎండలో పరిచి చూస్తాను. చీర మడతలు విప్పినట్టు విప్పాలి. నల్లటి మసి ఫర్వాలేదు. మెరిసే రజను కనపడితే అయస్కాంతం పెట్టాలి. అంటుకుంటే ఇనుము, అంటే వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్టో ట్యాపెట్లో అరుగుతున్నట్టు. ఇప్పటిదాకా అంటుకోలేదు.

పిల్లల పరీక్షలు, వర్క్ ప్రెషర్. మూడు నెలలు అలా ఉంచేస్తే ఏమవుతుంది?

ఇంజిన్లు అరిగి పోయేదానికంటే ఖాళీగా ఉండి పోయేదే ఎక్కువ అని మా మెకానిక్ అంటాడు. లైకమింగ్‌లో క్యామ్‌షాఫ్ట్, ప్రొపెల్లర్‌ను తిప్పే క్రాంక్‌షాఫ్ట్‌కి పైన ఉంటుంది. ఆపగానే ఆయిలంతా కిందికి కారిపోతుంది, పైనున్న క్యామ్ ఒట్టి ఉక్కుగా తేమగాలిలో మిగులుతుంది. సన్నటి తుప్పు పట్టిన ఆ క్యామ్ మళ్లీ తిరగడం మొదలెట్టగానే పైపొర పెచ్చులూడుతుంది.

చాలామంది చేసే పని, ఆదివారం వెళ్లి పది నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేయడం. అది ఇంకా చెరుపు. పెట్రోలు మండినప్పుడు పుట్టిన నీరు ఆయిల్లో కలుస్తుంది, కానీ అది ఆవిరై పోయేంత వేడి నేలమీద రాదు. ఎగిరి, ఆయిల్ 165 ఫారెన్‌హీట్ దాటాక ఒక అరగంటైనా గాల్లో ఉండాలి. మా ముగ్గురి వాట్సాప్ గ్రూప్‌లో "పది రోజులైంది" అని ఎవరో ఒకరు పెడతారు, ఎవరో ఒకరు వెళ్లి ఎగిరొస్తారు. పార్ట్‌నర్లుండటంలో అసలు లాభం ఇదే.

2,000 గంటలు దాటితే ఇంజిన్ పారేయాలా?

అక్కర్లేదు. మా ఇంజినుకు లైకమింగ్ చెప్పేది 2,000 గంటలు లేదా 12 ఏళ్లు. సొంతానికి ఎగిరేవాళ్లకు అది సూచన మాత్రమే. 12 ఏళ్లు మాకు ఎప్పుడో దాటిపోయాయి. కంప్రెషన్, ఆయిల్ ఫిల్టర్, ఆయిల్ ల్యాబ్ రిపోర్ట్, సిలిండర్ల లోపలి ఫొటోలు బాగున్నంతకాలం నడుపుతాం. డబ్బు మాత్రం గంటకు 17.50 చొప్పున పక్కన పడుతూనే ఉంటుంది.

ఇన్సూరెన్స్ తప్పనిసరా? దేనికి వర్తిస్తుంది?

కారులా కాదు. సొంతానికి ఎగిరే విమానానికి ఇన్సూరెన్స్ ఉండాలని కేంద్ర ప్రభుత్వ చట్టం లేదు. కొన్ని రాష్ట్రాలు అడుగుతాయి, హ్యాంగర్ అగ్రిమెంటులో రాసుంటుంది, లోన్ ఇచ్చిన బ్యాంకు ఎలాగూ వదలదు. ఎవరూ అడక్కపోయినా తీసుకోండి. పడ్డది మీ విమానమే కావచ్చు, పడింది మాత్రం ఎవరి ఇంటి మీదో.

పాలసీలో రెండు భాగాలు. ఒకటి లయబిలిటీ, మీ వల్ల ఇతరులకు జరిగిన నష్టం. రెండోది హల్, మీ విమానానికి జరిగిన నష్టం. లయబిలిటీలో మోసపోయే చోటు ఒకటుంది. "ఒక మిలియన్" అని పెద్ద అక్షరాల్లో రాస్తారు, కింద చిన్నగా "ప్రయాణికుడికి లక్ష" అని ఉంటుంది. అంటే మీ పక్కన కూర్చున్న బావమరిదికి దెబ్బ తగిలితే వచ్చేది మిలియన్ కాదు, లక్షే. అమెరికా ఆస్పత్రిలో లక్ష ఎన్నాళ్లొస్తుందో మీకే తెలుసు. ఈ లోపలి పరిమితి లేని పాలసీని ఇక్కడ స్మూత్ అంటారు. మాకు మూడో ఏడాది, గంటలు పెరిగాక గానీ ఇవ్వలేదు.

అరుగుదలకు డబ్బు రాదు. క్యామ్ పోయి ఇంజిను ఆగితే ఇంజిను ఖర్చు మీదే. ఆగిన ఇంజినుతో పొలంలో దిగుతూ రెక్క విరిగితే ఆ రెక్క వాళ్లది. డబ్బు తీసుకుని ఎగిరితే, యాన్యువల్ దాటిపోతే, పైలట్ లైసెన్సో మెడికల్ సర్టిఫికెటో సరిగా లేకపోతే కంపెనీ చేతులు దులిపేసుకోవచ్చు.

బ్రోకర్ సంగతి కూడా చెప్పాలి. విమాన ఇన్సూరెన్స్ కంపెనీలు కొన్నే. ఒక బ్రోకర్ మీ పేరు మీద కోట్ అడిగాక అదే కంపెనీ మరో బ్రోకర్‌కు మామూలుగా ఇవ్వదు. బట్టల షాపులు తిరిగినట్టు నలుగురు బ్రోకర్ల దగ్గరికి వెళ్లకండి. మంచివాణ్ణి ఒక్కణ్ణే పట్టుకోండి.

విలువ ఎంతకు రాయించాలి? తక్కువకు రాయిస్తే ప్రీమియం తగ్గుతుంది కదా?

ఈ తెలివి మాకూ వచ్చింది. మంచిదయింది, బ్రోకర్ వినిపించుకోలేదు.

విమానానికి విలువ ముందే ఒప్పుకుని రాస్తారు, పోయాక బేరమాడటం ఉండదు. లక్ష విలువ చేసేదాన్ని 60 వేలకు రాయించారనుకోండి. దిగేటప్పుడు ముక్కు చక్రం గట్టిగా తగిలి ప్రొపెల్లర్ నేలను తాకింది. తాకితే చాలు, ఇంజిను విప్పి చూడాలి. లైకమింగ్ అలాగే చెప్తుంది, ఇంజిన్ వెనక గేరు చూడమని విడిగా ఏడీ కూడా ఉంది. కొత్త ప్రొపెల్లర్, ఇంజిను పని, ముందు గోడ రేకు అన్నీ కలిపి 50 వేలు తేలితే కంపెనీ రిపేరు చేయించదు. మీ చేతిలో 60 వేలు పెట్టి, నలభై వేలకో యాభై వేలకో ఎవరైనా ఎగబడి కొనే ఆ విమానాన్ని తనే తీసుకుపోతుంది. మీకు ఆ 60 వేలకు అలాంటి విమానం దొరకదు. మరీ ఎక్కువకు రాయిస్తే ఇంకో బాధ: పాడైపోయి వదిలేయాల్సినదాన్ని కూడా నెలల తరబడి అతుకులేసి ఇస్తారు. 2021 తర్వాత ధరలు పెరిగాయి కాబట్టి ఏటా రెన్యువల్‌కు ముందు మేం అంకె మారుస్తాం.

నా ఫ్రెండ్‌కీ లైసెన్స్ ఉంది. ఒకరోజు తాళం ఇవ్వొచ్చా?

పాలసీలో ఓపెన్ పైలట్ క్లాజ్ చదవండి. పేరు రాయించని పైలట్‌కు ఎన్ని గంటల అనుభవం ఉండాలో, అందులో ఈ మోడల్లో ఎన్నో అక్కడ ఉంటుంది. మీ ఫ్రెండ్ ఆ గంటలు దాటితే విమానానికి కవర్ ఉంటుంది. అతనికి ఉంటుందని కాదు. మీకు డబ్బు కట్టేసి కంపెనీ అతని మీద వసూలుకు పోవచ్చు. అందుకని అతను విడిగా నాన్-ఓన్డ్ పాలసీ (సొంతం కాని విమానం నడిపేవాళ్లకు ఇచ్చేది) తీసుకోవడం మేలు. స్నేహం కూడా మిగులుతుంది.

మీ సొంత లైఫ్ ఇన్సూరెన్స్ కూడా ఒకసారి బయటికి తీయండి. విమానం నడుపుతారా అని అప్లికేషన్లో అడుగుతారు. లైసెన్స్ రాకముందు తీసుకున్న పాలసీ అయినా, ప్రైవేట్ ఫ్లయింగ్‌ను మినహాయించారేమో చూసుకోండి.

హ్యాంగర్ అవసరమా, బయట కట్టేస్తే చాలదా?

డాలస్ వైపు వసంతంలో వడగళ్లు నిమ్మకాయంత పడతాయి. రేకు పలచన. ఇంకేం చెప్పను.

హ్యాంగర్ కోసం మేం ఏడు నెలలు వెయిటింగ్ లిస్టులో ఉన్నాం, అప్పటిదాకా బయట మూడు తాళ్లతో కట్టేశాం. ఏప్రిల్లో ఒక శనివారం ఇంజిన్ మూతలోంచి లైటు వేసి చూస్తే సిలిండర్ల మీద గడ్డి. బుధవారం ఎగిరాం, అప్పుడు లేదు. మూడు రోజుల్లో పిట్టలు బుట్టెడు గడ్డి మోసుకొచ్చి గూడు కట్టేశాయి. పైకవరు విప్పి పుల్లా పుడకా ఏరడానికి రెండు గంటలు పట్టింది. చూడకుండా స్టార్ట్ చేసి ఉంటే అది వేడి సిలిండర్ల మధ్య ఎండుగడ్డి. గుడ్లు ఇంకా పెట్టలేదు. మా అమ్మాయి మాత్రం గూడు మళ్లీ అక్కడే పెట్టమని ఏడ్చింది.

ప్రయాణికుల దగ్గర డబ్బు తీసుకోవచ్చా?

పెట్రోలు, ఆయిలు, ఎయిర్‌పోర్ట్ ఫీజు, అద్దె విమానమైతే అద్దె. వీటిని మనుషుల లెక్కన పంచుకోవచ్చు, మీ వాటా మీరు కట్టాలి. ముగ్గురుంటే మూడో వంతు మీది. హ్యాంగర్, ఇన్సూరెన్స్ అందులో కలపకూడదు. అంతకు మించి ఒక్క డాలర్ తీసుకున్నా అది కమర్షియల్.

సీసం కలిసిన పెట్రోలట కదా?

అవును. నీలం రంగులో ఉండే 100ఎల్ఎల్. కార్లకు ఎప్పుడో పోయింది, చిన్న విమానాలకు ఇంకా మిగిలింది. 2030 చివరికల్లా మానేయాలని ఎఫ్ఏఏ, పరిశ్రమ కలిసి లక్ష్యం పెట్టుకున్నాయి. కాలిఫోర్నియాలోని రీడ్-హిల్‌వ్యూ ఎయిర్‌పోర్టులో 2022 జనవరిలోనే అమ్మడం ఆపేశారు. మా దగ్గర ఇంకా ఇదే. ట్యాంకు అడుగున నీళ్లు చేరాయేమో అని పట్టి చూశాక చేతులు కడుక్కోకుండా ఏమీ తినకండి.

హైదరాబాద్ తీసుకెళ్లొచ్చా?

38 గ్యాలన్లతో అట్లాంటిక్ దాటదు. విప్పి కంటైనర్లో పంపొచ్చు, కానీ అక్కడ విమానాలకు అనుమతులిచ్చే డీజీసీఏ దగ్గర రిజిస్ట్రేషన్, దిగుమతి అనుమతి, ఏటేటా సమీక్ష అన్నీ మొదటినుంచి. ఏవ్‌గ్యాస్ (ఈ విమానాలు వాడే పెట్రోలు) దొరికే ఎయిర్‌పోర్టులు కొన్నే. ఊరెళ్లినప్పుడు బేగంపేట ఫ్లయింగ్ స్కూల్ వైపు వెళ్లి గేటు బయట నిలబడి చూసి రండి. నేను అలాగే చేస్తాను.

పార్ట్‌నర్లతో గొడవలు రావా?

వచ్చాయి. డబ్బు దగ్గర కాదు, ట్యాంకు సగం ఖాళీగా వదిలేసినందుకు. కొన్నప్పుడే నాలుగు పేజీలు రాసుకున్నాం: ఒకడు వెళ్లిపోతే వాటా ఎవరు కొనాలి, ధర ఎలా తేల్చాలి, ఒకడు నేలకు గుద్దితే డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ ఇవ్వగా మనం కట్టాల్సిన వాటా) ఎవరిది, దీపావళి వీకెండ్ ఎవరిది. చివరిది నవ్వులాటకు రాసుకున్నాం. ఎక్కువసార్లు తెరిచి చూసింది అదే.

వాహన పూజ చేయించారా?

చేయించకుండా ఉంటామా. గుళ్లో పంతులుగారు హ్యాంగర్‌కే వచ్చారు. మీరు చేయించేటప్పుడు పనికొస్తుందని మా అనుభవం చెప్తున్నాను.

పసుపు కుంకుమ ఎక్కడ పెట్టాలో ముందే చూపించండి. 172లో పైలట్ తలుపుకు కాస్త ముందు, ఎడమవైపు, చిన్న చిల్లు ఒకటుంటుంది, స్టాటిక్ పోర్ట్. పంతులుగారి చెయ్యి సరిగ్గా అక్కడికే వెళ్లింది. ఆ చిల్లు మూసుకుంటే ఎత్తు, వేగం చూపించే ముళ్లు అబద్ధాలు చెప్తాయి. నేను అరిచిన అరుపుకు ఆయన మంత్రం ఆపేశారు. ఎడమ రెక్క కింద వంగి ఉండే, వేగం కొలిచే పిటో గొట్టానికి కూడా బొట్లు, దారాలు వద్దు. బొట్టు తలుపు మీద పెట్టించాం.

కొబ్బరికాయ హ్యాంగర్ బయట, పక్కకు వెళ్లి కొట్టండి, చిప్పలు ఏరేయండి. తిరిగే ప్రొపెల్లర్ చిన్న రాళ్లనే లాక్కుని అంచు నొక్కులు చేసుకుంటుంది, చిప్ప ముక్క దానికో లెక్కా. దండ ఫొటోలయ్యాక తీసేయాలి. నిమ్మకాయలు మూడు కావాలి, చక్రాలు మూడు కాబట్టి. ఇంజిన్ స్టార్ట్ చేసి తొక్కించవద్దు. ముక్కు చక్రానికి టో బార్ (లాగే కడ్డీ) తగిలించి చేత్తో లాగాం, ఒకడు లాగితే ఇద్దరు రెక్కల కింది దూలాల దగ్గర తోశారు. ముందుది, కుడిది చితికాయి. ఎడమది పక్కకు జారి దొర్లుకుంటూ పక్క హ్యాంగర్లోకి వెళ్లింది. అక్కడి ముసలాయన దాన్ని తీసుకొచ్చి, తుడిచి, ఇది ఏ భాగమని అడిగాడు.